మొక్కల్ని కాపాడటానికి చెట్లు నరకడమేంటి? బ్రిస్టల్ ఏవన్ లోయ చరియల సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: చదువు కోసం బ్రిస్టల్ వచ్చి కొన్ని నెలలైంది. ఏవన్ నది పక్కన, ఆ పెద్ద వేలాడే వంతెన కింద నడుస్తుంటే కొందరు తాళ్ళు కట్టుకుని చరియ మీద పచ్చటి చెట్లు నరుకుతూ కనిపించారు. కింద బోర్డు మీదేమో అరుదైన మొక్కల రక్షణ అని రాసుంది. ఇంకోచోట కంచె వేసి మేకల్ని కూడా వదిలారు. ప్రకృతిని కాపాడటమంటే దాని మానాన దాన్ని వదిలేయడం కదా, ఈ నరుకుడేంటి? పోనీ ఆ మొక్కలంత ముఖ్యమైతే కుండీల్లో పెంచుకోవచ్చు కదా?

సూటిగా చెప్పేస్తాను. వదిలేస్తే ఆ మొక్కలు పోతాయి. ఎప్పుడో కాదు, ఒక మనిషి జీవితకాలంలోనే. కుండీల్లో పెంచడం అవసరమే, పెంచుతున్నారు కూడా, కానీ అది బ్యాంకులో డబ్బు దాచుకోవడం లాంటిది, ఇల్లు నడవడం లాంటిది కాదు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి. నేను ఇంగ్లండ్ నైరుతి ప్రాంతంలో పదమూడేళ్ళుగా ఇలాంటి సున్నపురాయి చరియల మీదే పని చేస్తున్నాను. మొదటి నాలుగేళ్ళు ఆదివారాల్లో వాలంటీర్‌గా, తర్వాత జీతానికి. పనంటే గొప్పగా ఏమీ ఊహించుకోకండి, సగం రోజులు పొదలు కొట్టడం, మిగతా సగం మొక్కలు లెక్కపెట్టడం.

ముందు ఆ చోటు సంగతి. ఏవన్ నది సున్నపురాయి కొండను కోసుకుంటూ వెళ్ళి చేసిన ఇరుకు లోయ అది, మన గండికోట దగ్గర పెన్నా చేసినట్టే, కాకపోతే అక్కడి రాయి వేరు. పొడవు రెండున్నర కిలోమీటర్లు, అంతే. ఆ రాయి సుమారు 35 కోట్ల ఏళ్ళ కిందట వెచ్చటి లోతులేని సముద్రంలో పేరుకున్నది, చరియ దగ్గరికెళ్ళి చూస్తే అందులో పగడాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. కింద నది సముద్రపు పోటుకి లోబడి ఉంటుంది. నది సముద్రంలో కలిసే చోట ఆటుపోట్ల తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి, పొద్దున నిండుగా కనిపించిన నదే మధ్యాహ్నానికి నల్లటి బురద గట్ల మధ్య పిల్లకాలువలా మిగులుతుంది. వంతెన 1864లో తెరిచారు. దాని మీద నుంచి ఫోటోలు తీసుకునే వేల మందిలో కాళ్ళ కింద చరియ పగుళ్ళలో ఏముందో చూసేవాళ్ళు ఏ పది మందో ఉంటారు.

ఆ పగుళ్ళలో ఉన్నది బ్రిస్టల్ రాక్‌క్రెస్ అనే మొక్క. శాస్త్రీయ నామం అరాబిస్ స్కాబ్రా, మన ఆవాల కుటుంబమే. నేలకి అంటుకున్న చిన్న ఆకుల గుత్తి, ఆకుల అంచున బిరుసైన నూగు, మార్చి నుంచి మే దాకా జానెడు కాడ మీద వెన్న రంగు పూలు. చూడగానే ఎవరూ ఆగరు, నేను కూడా మొదటిసారి చూపించినప్పుడు "ఇదేనా?" అన్నాను. ఫ్రాన్స్, స్పెయిన్ కొండల్లో ఉంటుంది గానీ, బ్రిటన్ మొత్తంలో అది సహజంగా పెరిగేది ఈ లోయ ఒక్కచోటే. దాని పక్కనే గుండ్రటి ఊదారంగు తలతో ఒక అడవి ఉల్లి ఉంది. ఇక్కడివాళ్ళు బ్రిస్టల్ ఉల్లి అంటారు, బ్రిటన్ ప్రధాన భూభాగంలో అదీ ఇక్కడే. ఇక వైట్‌బీమ్ అనే చెట్లయితే ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి ఉన్నాయి. వాటి సంగతి తర్వాత.

ఇప్పుడు అసలు విషయం. ఈ మొక్కలన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది: పోటీలో గెలవలేవు. మంచి మట్టి, నీళ్ళు, ఎరువు ఉన్నచోట వీటిని పెడితే పక్కనున్న గడ్డి రెండేళ్ళలో మింగేస్తుంది. వీటి బలమల్లా ఓర్చుకోవడంలోనే ఉంది. సున్నపురాయి పగులులో మట్టి రెండు మూడు వేళ్ళ లోతు ఉంటే గొప్ప. ఆ కాస్త మట్టిలోనూ సున్నం ఎక్కువై ఇనుము, భాస్వరం వేరుకి సరిగా అందవు, అలవాటు లేని మొక్క ఆకులు పసుపెక్కి చస్తుంది. వాన పడ్డ నీళ్ళు రాతిలోకి జారిపోతాయి. నైరుతికి తిరిగిన చరియ మీద జూలై మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూడండి, ఇంగ్లండ్ అని మర్చిపోతారు. అలాంటి చోట మిగతావన్నీ ఓడిపోయి వెనక్కి తగ్గితే, ఖాళీగా మిగిలిన ఎండలో ఇవి బతుకుతున్నాయి. కాబట్టి అక్కడ మేం కాపాడుతున్నది ఒక రకంగా ఆ చోటి పేదరికాన్నే. నేల బీదగా ఉండాలి, ఎండ తగలాలి, రాయి బయటికి కనిపించాలి. ఈ మూడిట్లో ఏది పోయినా మొక్క పోయినట్టే.

వీటికి ఈ చోటే ఎందుకు దక్కిందంటే, చివరి మంచుయుగంలో మంచు పలకలు ఇంత దక్షిణానికి రాలేదు. ఆ తర్వాత వాతావరణం వేడెక్కి సుమారు పదివేల ఏళ్ళ నుంచి అడవి కమ్ముకుంటూ వస్తే, ఎండ కావాల్సిన మొక్కలకి చెట్టు నిలదొక్కుకోలేని నిటారు చరియలే మిగిలాయి. వరదొచ్చినప్పుడు మిట్ట మీద మిగిలిపోయిన ఇళ్ళలాగా.

"మరి వేల ఏళ్ళు ఎవరూ నరక్కుండానే బతికాయి కదా" అని మీరు అడుగుతారు, అందరూ అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. సమాధానం ఏంటంటే నరికేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, బోర్డు పెట్టలేదంతే. చరియ పైనున్న మైదానాల మీద 1920ల దాకా గొర్రెలు మేసేవి, అంచుల దాకా వచ్చి లేత చెట్లని కొరికేసేవి. కట్టెల కోసం జనం పొదలు కొట్టుకునేవాళ్ళు. 18, 19 శతాబ్దాల్లో రాయి కోసం చరియల్ని తవ్వి పారేశారు. అది విధ్వంసమే, సందేహం లేదు, ఎన్ని మొక్కలు పోయాయో ఎవరూ లెక్క రాయలేదు, కానీ ఆ పాత క్వారీ గోడలు కొత్త రాతి ముఖాలై కొన్ని అరుదైన మొక్కలకి మళ్ళీ చోటిచ్చాయి. తర్వాత గొర్రెలు పోయాయి, క్వారీలు ఆగాయి, కట్టెల పొయ్యిలు పోయాయి. 1953లో బ్రిటన్‌లోకి కుందేళ్ళకి ప్రాణాంతకమైన మిక్సోమటోసిస్ జబ్బు వచ్చి దేశమంతా కుందేళ్ళు కుప్పలుగా చచ్చాయి. అంటే కొరికే నోళ్ళన్నీ ఒక్క తరంలో ఆగిపోయాయి. పాత ఫోటోల్లో తెల్లగా మెరిసే రాతి చరియ ఇప్పుడు సగం పచ్చగా ఉంది. చూసేవాళ్ళకి ఆ పచ్చదనమే అందం, నాకేమో అది చూస్తే టెన్షన్.

మీరు చూసిన నరుకుడు బహుశా హోమ్ ఓక్ అయ్యుంటుంది. మధ్యధరా ప్రాంతపు సతతహరిత ఓక్ అది, పార్కులు, తోటల కోసం తెచ్చి నాటారు. జే అనే పక్షి దాని గింజల్ని ఎక్కడెక్కడో దాచి మర్చిపోతుంది, అవి చరియ పగుళ్ళలో మొలుస్తాయి. స్థానిక చెట్లు చాలావరకు చలికాలం ఆకు రాలుస్తాయి కాబట్టి మార్చిలో పూసే రాక్‌క్రెస్‌కి కాస్తైనా ఎండ దొరుకుతుంది. హోమ్ ఓక్ కింద పన్నెండు నెలలూ చీకటే. ఇంకొకటి కొటోనియాస్టర్, ఎర్రటి పళ్ళ తోట పొద, పిట్టలు తిని రెట్ట వేసినచోటల్లా మొలుస్తుంది, రాతికి చాప పరిచినట్టు అంటుకుని పాకుతుంది. 2010లో దాని అయిదు జాతుల్ని అడవిలో నాటకూడని మొక్కల జాబితాలోకి ఎక్కించారు. మన ఊళ్ళలో సర్కారు తుమ్మ చెరువు గట్లని ఎలా మింగేసిందో చూసినవాళ్ళకి ఇంతకంటే వివరించక్కర్లేదు. పైన ఇళ్ళ తోటల్లో ఆ పొదలున్నంత కాలం కింద మొలకలు వస్తూనే ఉంటాయి. చిన్న రిజర్వ్‌కి ఇదే పెద్ద శాపం, ఎక్కడ నిలబడినా అంచు అడుగు దూరంలోనే ఉంటుంది.

సరే, నరికితే అయిపోయిందా అంటే లేదు. ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. నా మూడో చలికాలం, ఇది ఏవన్ లోయ కాదు, ఇంకో చిన్న చరియ, ఊరు పేరు వద్దులెండి. ఒక ఏటవాలు అంతా కొటోనియాస్టర్, ముళ్ళపొదలు. పన్నెండు మంది వచ్చారు, వాతావరణం బాగుంది, ఊపు మీదున్నాం, రెండు వారాంతాల్లో మొత్తం శుభ్రంగా కొట్టేశాం. ఫోటోలు దిగాం. వేసవికి వెళ్ళి చూస్తే దురదగొండి లాంటి నెటిల్ మొక్కలు నడుము ఎత్తున లేచాయి, వాటి మధ్యలో బడ్లియా అనే తోట పొద. ఒక్క అరుదైన మొలక లేదు. ఏం జరిగిందంటే ఇరవై ముప్ఫై ఏళ్ళుగా ఆ పొదల కింద ఆకు రాలి కుళ్ళి నల్లటి బలమైన మట్టి తయారైంది, మేం పైన గొడుగు తీసేసి ఆ మట్టికి ఎండ ఇచ్చాం. అంటే పిలిచి మరీ విందు పెట్టాం, తినడానికి ఎవరొస్తారో ఆలోచించకుండా.

అప్పట్నుంచి పద్ధతి మార్చుకున్నాను. ఒకేసారి మొత్తం తీయొద్దు, పది పన్నెండు అడుగుల ముక్కలుగా తీయాలి, తీసినచోట మట్టి కూడా తీయాలి. ఇది వినడానికి వింతగా ఉంటుంది. తాడు మీద వేలాడుతూ ఒక రాతి అరుగు మీదికి దిగుతాం, దాని మీద జానెడు మందాన ఆకుమట్టి ఉంటుంది, ముట్టుకుంటే మెత్తగా, అడవి వాసనతో, ఏ తోటమాలికైనా ప్రాణం లేచొచ్చే మట్టి. దాన్ని చిన్న తాపీతో గీకి సంచిలోకి ఎత్తుతాం, చివర్న పాత టూత్‌బ్రష్‌తో పగుళ్ళు దులుపుతాం, రాయి బూడిద రంగులో బయటపడేదాకా. గీకేటప్పుడు మధ్యలో ఎర్రటి నాచు తునకలు, నత్తగుల్లలు, ఒకసారి 1970ల నాటి నాణెం కూడా దొరికాయి. ఒక మనిషికి ఒక అరుగు అంటే ఒక పూట పని. రెండో వసంతంలో అలాంటి ఒక అరుగు మీద చిటికెన వేలి గోరంత ఆకులతో పదకొండు మొలకలు చూశాను. విత్తనాలు పై పగులులో ఉన్న తల్లి మొక్క నుంచి రాలినవే, ఇన్నేళ్ళూ రాలుతూనే ఉన్నాయి, పడిన చోటు తప్పు, అంతే.

నరికిన మోడు సంగతి కూడా చూడాలి. హోమ్ ఓక్‌ని ఊరికే నరికితే ఒక చెట్టు బదులు పదిహేను పిలకలొస్తాయి. కాబట్టి కోసిన వెంటనే మోడు మీద కలుపు మందు కుంచెతో పూస్తాం. పిచికారీ చెయ్యం, గాలికి పక్క మొక్క మీద పడితే ఇక అంతే. మందు అనగానే కొందరు వాలంటీర్లకి కోపం వస్తుంది, నాకూ ఇష్టం లేదు. కానీ చరియ మీద వేళ్ళు పెకిలిస్తే రాయే ఊడి కింద రోడ్డు మీద పడుతుంది.

మేకలు. నిజానికి ఈ కథలో అందరికీ నచ్చేది అవే. లోయ పక్కన గల్లీ అనే చిన్న పాయలో 2011లో ఆరు మేకల్ని వదిలారు, వేల్స్‌లో గ్రేట్ ఓర్మ్ అనే కొండ మీద అడవిలా తిరిగే మంద నుంచి తెచ్చినవి. గొర్రెలు ఎందుకు కాదంటే గొర్రె తల దించి గడ్డి మేస్తుంది, మేక తలెత్తి ఆకు, చిగురు, బెరడు లాగుతుంది, పైగా మనం తాడు కట్టుకుని దిగే చోటికి అది నిద్రమత్తులో కూడా వెళ్తుంది. పిలకల్ని అదుపులో పెట్టడానికి వాటిని మించినవి లేవు. అయితే ఒకటి, మేక రంపానికి బదులు కాదు. ముదిరిన చెట్టుని అది ఏమీ చెయ్యలేదు. ముందు మనిషి కొట్టాలి, తర్వాత మేక కాపలా కాయాలి. ఇంకోటి, మేకకి బోర్డు చదవడం రాదు. అరుదైన మొక్క కూడా దానికి కూరాకే. అందుకే కంచె, అందుకే తక్కువ సంఖ్య. ఎన్ని మేకలు సరిపోతాయన్నది లెక్క కట్టి చెప్పలేం, ఏటా చరియ చూసి తేల్చుకోవాల్సిందే.

ఇక వైట్‌బీమ్‌లు. ఇక్కడ నరుకుడు వాదన కాస్త చిక్కుపడుతుంది, ఎందుకంటే కాపాడాల్సింది కూడా చెట్టే. ఆపిల్‌కి దూరపు చుట్టం ఇది, ఆకు అడుగున తెల్లటి నూగు, అందుకే ఆ పేరు. బ్రిస్టల్ వైట్‌బీమ్, అంటే సోర్బస్ బ్రిస్టోలియెన్సిస్, ప్రపంచం మొత్తంలో ఈ లోయలో మాత్రమే ఉంది, సుమారు 300 చెట్లు. విల్మాట్ వైట్‌బీమ్ కూడా ఇక్కడిదే, అది ఇంకా తక్కువ. హూస్టన్ వైట్‌బీమ్ అని ఒకటుంది, దానికి లిబ్బీ హూస్టన్ పేరు పెట్టారు. ఆవిడ కవయిత్రి, వృక్షశాస్త్రవేత్త, తాళ్ళ మీద ఈ చరియలన్నీ గాలించిన మనిషి. ఆ రకం చెట్టు లోకంలో తెలిసింది ఒక్కటంటే ఒక్కటే.

ఇంత చిన్న చోట ఇన్ని రకాలు ఎలా వచ్చాయి? రెండు రకాల వైట్‌బీమ్‌లు, లేదా వైట్‌బీమ్, దాని బంధువైన వైల్డ్ సర్వీస్ చెట్టు, దగ్గర దగ్గరగా ఉంటే ఎప్పుడో ఒకసారి సంకరం జరుగుతుంది. మామూలుగా అలాంటి సంకరానికి పుట్టినదానికి సరైన విత్తనం రాదు, కథ అక్కడే ముగుస్తుంది. వైట్‌బీమ్‌లకి ఒక దొంగదారి ఉంది. ఫలదీకరణ లేకుండానే విత్తనంలో పిండం తయారవుతుంది, అంటే విత్తనం నుంచి వచ్చే మొక్క తల్లికి అచ్చు నకలు. తమాషా ఏంటంటే విత్తనం గట్టిపడటానికి మాత్రం చాలా రకాలకి పుప్పొడి కావాలి, పెళ్ళికి రావాలి గానీ వారసత్వంలో వాటా లేదన్నట్టు. అలా ఒకసారి పుట్టిన సంకరం తన నకళ్ళతో కొత్త జాతిగా స్థిరపడిపోతుంది. ఇది పాతకాలపు ముచ్చట కాదు, ఇప్పటికీ ఆ చరియల మీద జరుగుతోంది.

నా రెండో తప్పు దీని మీదే. మూడడుగుల మొక్క ఒకటి, ఆకు అడుగున తెలుపు, "మామూలు వైట్‌బీమే, ఇక్కడ నీడ పెడుతోంది" అనుకుని పెద్ద కత్తెరతో కత్తిరించేశాను. సాయంత్రం జేబులో మిగిలిన ఆకు తీసి బల్ల మీద పెట్టి చూస్తే అంచున పళ్ళు మామూలు దానిలా లేవు, మొదలు దగ్గర సన్నగా, మధ్యలో చిన్న తమ్మెలు. రాత్రంతా నిద్ర పట్టలేదు. కాగితాల మధ్య నొక్కి తెలిసినాయనకి చూపించాను, అరుదైనదే అన్నారు. అదృష్టం బాగుండి మందు పూయలేదు కాబట్టి మోడు నుంచి మళ్ళీ చిగురేసింది. ఆ తర్వాత నా గుంపులో ఒక నియమం పెట్టాను: చలికాలం నరికే ప్రతి చెట్టుకీ ఆగస్టులో, ఆకు మీద ఉన్నప్పుడే, రంగు పట్టీ కట్టి ఉండాలి. పట్టీ లేనిది ఎంత అడ్డుగా ఉన్నా ముట్టుకోకూడదు.

చలికాలమే ఎందుకంటే, మార్చి నుంచి ఆగస్టు దాకా పిట్టలు గూళ్ళు పెట్టే కాలం. ఆ లోయలో 1990 నుంచి పెరెగ్రిన్ డేగలు కూడా మళ్ళీ గూడు కడుతున్నాయి.

మీ కుండీల ప్రశ్నకి వస్తాను. విత్తనాలు దాచడం జరుగుతోంది, దక్షిణ ఇంగ్లండ్‌లో వేక్‌హర్స్ట్ దగ్గర మిలీనియం సీడ్ బ్యాంక్ ఉన్నది అందుకే. వైట్‌బీమ్‌ని అంటు కట్టి ఎక్కడైనా పెంచొచ్చు. కానీ కుండీలో బ్రిస్టల్ వైట్‌బీమ్ బతుకుతుంది, పక్కింటి వైల్డ్ సర్వీస్‌తో కలిసి రేపు ఇంకో కొత్త జాతిని పుట్టించదు. రాక్‌క్రెస్ సంగతి ఇంకా కష్టం. కుండీలో ఎరువేసి నీళ్ళు పోసి పదితరాలు పెంచితే మెతక మట్టికి అలవాటైన మొక్కలే చివరికి మిగులుతాయి. వాటిని తెచ్చి చరియ మీద పెడితే మొదటి ఎండాకాలమే గట్టెక్కవు.

ఉల్లి విషయంలో ఇంకో ముప్పుంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇదే జాతి ఉల్లి తోటల్లో పూల కోసం దుంపలుగా అమ్ముతారు, ఎక్కడైనా దొరుకుతుంది. మంచి మనసుతో ఎవరో ఒకరు నాలుగు దుంపలు తెచ్చి చరియ అంచున పాతిపెట్టారనుకోండి, ఎక్కడి మూలాల నుంచో వచ్చిన తోట రకం, ఇక్కడ వేల ఏళ్ళుగా సర్దుకున్న రకంతో కలిసిపోతుంది. తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు. దయచేసి ఏదీ తెచ్చి నాటకండి, విత్తనాలు చల్లకండి. కోయడం సంగతి చెప్పక్కర్లేదు. ఈ ఉల్లి, రాక్‌క్రెస్ రెండూ 1981 నాటి వన్యప్రాణి చట్టంలోని ప్రత్యేక జాబితాలో ఉన్నాయి, కావాలని ఒక్క పువ్వు తుంచినా నేరమే.

మనుషుల వల్ల వచ్చే ఇబ్బందుల్లో అందరూ ముందు చరియలెక్కే క్లైంబర్లని తిడతారు. నేను తిట్టను. చేతికి పట్టు దొరకాలని పగుళ్ళలో మొక్కలు పీకేసేవాళ్ళు ఒకప్పుడు ఉండేవాళ్ళు, ఇప్పటికీ ఒకరిద్దరుంటారు, కానీ ఎక్కడ ఎక్కకూడదో చెప్తే చాలామంది వింటారు, మాకు తాడు పని నేర్పింది కూడా వాళ్ళే. నాకు ఎక్కువ చిరాకు కుక్కల వల్ల. బెల్జియంలో గెంట్ పరిశోధకులు నగరం పక్కనున్న రక్షిత ప్రాంతాల్లో లెక్కేసి 2022లో ప్రచురించారు: కుక్కల మలమూత్రాల వల్ల ఏడాదికి హెక్టారుకి సుమారు 11 కిలోల నత్రజని, 5 కిలోల భాస్వరం నేలకి చేరుతున్నాయని. మేం టూత్‌బ్రష్‌తో మట్టి గీకి తీస్తుంటే పైనుంచి ఉచితంగా ఎరువు పడుతోందన్నమాట. పైన పచ్చిక అంచుల్లో, దారి పక్కన రెండడుగుల మేర గడ్డి ముదురు ఆకుపచ్చగా ఉండటం గమనించండి.

రాళ్ళు పడకుండా వేసే ఇనుప వలల గురించి కూడా అడుగుతుంటారు. చరియ కిందనే పోర్ట్‌వే రోడ్డు ఉంది, 1926 నుంచి. రాయి పడి మనిషి పోతే ఆ రిజర్వ్‌ని ఎవరూ కాపాడలేరు, కాబట్టి వలలు తప్పవు. వల వేసే ముందు ఏ పగులులో ఏముందో చూసి గుర్తు పెట్టడం, బోల్టు నాలుగు అంగుళాలు పక్కకి జరపమని అడగడం, మా చేతిలో ఉన్నది అంతే. చాలాసార్లు జరుపుతారు.

మీ మాటలో నిజం లేదని కాదు. దాని మానాన వదిలేయాల్సిన చోట్లు ఉన్నాయి. అవతలి ఒడ్డున లీ వుడ్స్ అడవి ఉంది కదా, అలాంటి పాత అడవిలో మాను పడిపోతే పడినచోటే వదిలేయడం మంచిది, దాని మీద పుట్టగొడుగులు, పురుగులు వందల రకాలు బతుకుతాయి. అక్కడికి రంపం పట్టుకెళ్తానంటే నేనే అడ్డం పడతాను. పెద్ద అడవికి తన గాయాలు తను మాన్చుకునేంత చోటుంది. రెండున్నర కిలోమీటర్ల చరియకి అంత చోటు లేదు, చుట్టూ నగరం ఉంది, మేసే జంతువు లేదు, పైనుంచి తోట విత్తనాలు వానలా కురుస్తున్నాయి. ఇలాంటి దాన్ని వదిలేయడమంటే నా లెక్కలో హోమ్ ఓక్‌కి పట్టా రాసివ్వడమే.

మీకు చూడాలనుంటే చలికాలం వాలంటీర్ రోజులుంటాయి, అనుభవం అక్కర్లేదు, తాడు పని మీకివ్వరు, కోసిన కొమ్మలు మోయడం ఇస్తారు. దళసరి తొడుగులు పట్టుకెళ్ళండి. మార్చి నెలాఖరులో రాక్‌క్రెస్ పూస్తుంది, ఎవరైనా చూపిస్తే ఫోటో తీసుకోండి గానీ ఫోన్‌లో లొకేషన్ ఆపేసి తీయండి, అడుగు వేసే ముందు కింద చూసుకోండి. ఉల్లి చూడాలంటే జూలై ఆఖరు, ఆగస్టు మొదట్లో అవతలి గట్టు మీది దారిలో నడవండి, బైనాక్యులర్స్ ఉంటే ఎదురు చరియ మీద ఊదా చుక్కలు కనిపిస్తాయి. ఆ దారిలో ఎవరైనా టెలిస్కోప్ పెట్టుకుని వేళ్ళు మడుస్తూ పెదాలు కదుపుతుంటే అది నేనో మా వాళ్ళో అయ్యుంటాం. లెక్క అయ్యేదాకా ఆగి పలకరించండి, మధ్యలో పలకరిస్తే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి.